మంచె నుంచి గుట్టకు: విక్రమార్క కథల తెలుగు, మంగోలు రూపాలు

తులనాత్మక జానపద పరిశోధనలో మనకు ఒక తొందరపాటు అలవాటైంది. పరాయి దేశపు కథలో మన కథకు పోలిక కనిపించగానే, అది ఇక్కడి నుంచే వెళ్ళిందని తేల్చి వ్యాసం ముగిస్తాం. మంగోలు సాహిత్యం విషయంలో ఈ తొందరకు అవకాశం మరీ ఎక్కువ. అక్కడి ప్రసిద్ధ కథాచక్రాలలో రెండు నిజంగానే భారతదేశం నుంచి వెళ్ళినవి. సిద్ధి గల శవం అని అర్థం వచ్చే ‘సిద్ధి కూర్’ కథలకు మూలం వేతాళ పంచవింశతి. ‘అర్జి బోర్జి’ అనేది రాజా భోజ అన్న మాటలకు మంగోలు ఉచ్చారణ. ఆ కథలకు మూలం సింహాసన ద్వాత్రింశిక. మూలం ఎవరిదన్నది ఇలా తేలిపోయాకే అసలు పని మొదలవుతుంది. ఈ రూపాల మధ్య తేడాలు ఎక్కడ పుట్టాయి? దీనికి కావలసిన సాక్ష్యంలో కొంత భాగాన్ని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో వెతకాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

సింహాసన ద్వాత్రింశికను 15వ శతాబ్దంలో తెలుగు చేసిన కొరవి గోపరాజును కరీంనగర్‌కు పొరుగున ఉన్న భీమ్‌గల్ ప్రాంతపు కవిగా సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. నాటి జనజీవనం ఆ కావ్యంలో ఎంత దట్టంగా ఉందో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి దానిని వాడుకొన్న తీరే చెబుతుంది. ఈ కథాచక్రపు ఎత్తుగడ తెలుగువారికి బాగా తెలిసినదే. ఒక బ్రాహ్మణుడు చేను కాపలాకు మంచె వేసుకుంటాడు. మంచె మీద ఉన్నంతసేపు భోజరాజు పరివారాన్ని చేలోకి పిలిచి కావలసినంత తినమంటాడు; కిందికి దిగగానే పంట పోయిందని గగ్గోలు పెడతాడు. ఆ మంచె కింద విక్రమార్కుడి సింహాసనం ఉంది. మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను తోలిన రైతుకు ఈ కథలోని చమత్కారం వివరించి చెప్పనక్కరలేదు.

మంగోలు రూపంలో చేను లేదు, మంచె లేదు. దూడలను కాసే పిల్లలు ఒక గుట్ట మీదికి పరుగు పందెం వేసుకుంటారు. ముందుగా చేరినవాడు ఆ రోజుకు రాజు. గుట్ట మీద కూర్చున్న పిల్లవాడు అర్జి బోర్జి ఖాన్ తప్పుగా తీర్చిన తగవును సరిగ్గా తీరుస్తాడు. గుట్ట తవ్విస్తే ముప్పై రెండు బొమ్మల సింహాసనం బయటపడుతుంది. సేద్యగాళ్ళ కథ పశుపాలకుల చేతిలో పడి ఇలా మారిందని, మంచెలో ఔదార్యం ప్రధానమైతే గుట్టలో న్యాయం ప్రధానమైందని ఇక్కడ వెంటనే ఒక సిద్ధాంతం అల్లవచ్చు. వినడానికి అందంగా ఉంటుంది గాని నిలవదు. గొల్లపిల్లలు దిబ్బ మీద కూర్చొని తీర్పులు చెప్పే రూపం భారతదేశంలోనూ ఉంది. 1907లో వెలువడిన సోదరి నివేదిత పిల్లల కథల పుస్తకంలో అది ఉజ్జయిని కథగా చోటు చేసుకుంది. కావ్యాన్ని ఒక్కదానినే ఎదురుగా పెట్టుకొని పోల్చే పరిశోధకుడు, భారతీయ మౌఖిక కథలోనే ఉన్న అంశాన్ని మంగోలు సృష్టిగా జమకట్టే ప్రమాదం ఉంది.

కనుక ఈ పోలికకు గోపరాజు గ్రంథం ఒక్కటే చాలదు. ఆ కవి తిరిగిన నేల మీదే గొల్లలు, కురుమలు మందలు కాస్తున్నారు. వారి నోట ఈ కథ మంచెతో మొదలవుతుందా, దిబ్బతో మొదలవుతుందా? క్షేత్ర పరిశోధకుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఒక్క దిబ్బ కథ దొరికినా పై సిద్ధాంతం మరింత బలహీనపడుతుంది.

వేతాళ కథల సంగతి వేరు. అక్కడ తేడా లోతైనది, కథ నడిచే యంత్రాంగానికే సంబంధించినది. మన బేతాళుడు ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం చెట్టెక్కుతుంది. చందమామ పత్రిక పాతిక కథలు అయిపోయాక కూడా దశాబ్దాల పాటు కొత్త బేతాళ కథలు రాయించగలిగిందంటే ఆ బలం ఈ ప్రశ్నదే. ఏ ధర్మసందేహాన్నైనా ఆ చట్రంలో బిగించవచ్చు. సిద్ధి కూర్ ప్రశ్న వేయదు. కథ చెబుతుంది, వింటున్న రాకుమారుడు తనకు తెలియకుండానే అయ్యో అనో ఆహా అనో అంటాడు, శవం సంచిలోంచి ఎగిరిపోతుంది.

ఈ మార్పు ఫలితం మొదటి కథలోనే కనిపిస్తుంది. సంస్కృత వేతాళ కథలో జ్ఞాని, విజ్ఞాని, శూరుడు ముగ్గురూ కలిసి కన్యను రక్షిస్తారు. ఆమె ఎవరికి చెందాలన్నది ప్రశ్న. శూరుడికని రాజు తీర్పు. మంగోలు కథలో మిత్రులు ఆరుగురయ్యారు, విమానం కొయ్య గరుడ పక్షి అయింది. వారి కలహం తీర్పు దాకా పోదు, వినాశంతో ముగుస్తుంది. రాకుమారుడి నోట జారేది ఆ స్త్రీ మీద జాలి. మన కథ న్యాయమూర్తిని కోరితే, ఆ కథ మనసు కరిగే శ్రోతను కోరింది. తీర్పు చెప్పే వీలున్న చోట జాలికి సందు తక్కువ కాబట్టి, కథాశిల్పం దృష్ట్యా ఇక్కడ మంగోలు రూపానిదే పైచేయి అని నా అభిప్రాయం.

చట్రకథ కూడా తలకిందులైంది. మన రాజును శ్మశానానికి పంపినవాడు కపట భిక్షువు. కథ అతడి వధతో ముగుస్తుంది. మంగోలు కథ వధతోనే మొదలవుతుంది. ఏడుగురు మాంత్రికులను చంపిన పాపానికి ప్రాయశ్చిత్తంగా రాకుమారుడు శవాన్ని తేవాలి. పంపేది గుహలో ఉండే ఆచార్య నాగార్జునుడు. ఆ శవం ఎక్కేది మంగోలు నేల మీద పెరగని మామిడి చెట్టు! నాగార్జునుడి పేరు వినగానే మనవాళ్ళ కలం ఆగదు. ధూళికట్ట స్తూపం, బావరి ఆశ్రమమని చెప్పుకొనే బాదనకుర్తి, ఆపై గోదావరి నుంచి గోబీ దాకా ఒక గీత. కాని ఆ గుహలోని నాగార్జునుడు మాధ్యమిక దార్శనికుడి కన్నా టిబెట్టు సిద్ధుల గాథలలోని మహిమాన్వితుడికి దగ్గర. కథలు కూడా టిబెట్టు మీదుగానే వెళ్ళాయి. 1578లో అల్తాన్ ఖాన్ సోనమ్ గ్యాత్సోను కలిశాక ఆ దారి మరింత విశాలమైంది. నాగార్జునుడికి ఆపాదించిన నీతిగ్రంథపు వ్యాఖ్యానాల ద్వారా పంచతంత్ర కథలు చేరిన వైనం కూడా అదే. ఈ మధ్య మజిలీని వదిలేసి గీసే గీతకు పరిశోధన విలువ లేదు.

పాఠాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. యూల్గ్ 1866లో కల్మిక్ పాఠాన్ని, 1868లో మంగోలు కథలను జర్మన్ అనువాదంతో సహా ప్రచురించాడు. ఆంగ్లంలో తేలికగా దొరికే బస్క్ సంపుటి, 1873 నాటిది, ఆ జర్మన్ మీద ఆధారపడి స్వేచ్ఛగా పెంచి చెప్పినది. దానిని పట్టుకొని మంగోలు కథనశైలిని విశ్లేషించడం తగదు.

వాద్య సామ్యం మరో ఉచ్చు. ఆదిలాబాద్‌లో గోండుల పూర్వగాథలు పాడే ప్రధానుల కిక్రి, మంగోలు గుర్రపుతల వాద్యం రెండూ కమానుతో వాయించేవే. అంతమాత్రాన చుట్టరికం ఉందనలేం. పోల్చదగినది వేరే ఉంది: వినేవాడి గొంతు. మన పల్లెల్లో కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు ఉండాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. ఒగ్గు కథలో పక్కవాళ్ళు మాట అందుకోకపోతే కథకుడు ముందుకు సాగలేడు. సిద్ధి కూర్‌లో శ్రోత నోరు మెదిపితే శవమే పోతుంది, మళ్ళీ మొదటికి నడవాలి. ఈ నిషేధం మంగోలు కథాగోష్ఠి మర్యాద నుంచి వచ్చిందా, బౌద్ధ మౌనవ్రతం నుంచి వచ్చిందా అన్నది తేల్చాలంటే శ్రోత గొంతు కూడా నమోదైన పాఠాలు రెండు వైపులా కావాలి. కథకుడి మాటను మాత్రమే రాసుకొని ఊ కొట్టినవాడిని వదిలేసిన మన సేకరణలు ఈ పనికి అక్కరకు రావు.