సామరస్యం – అవగాహన: తెలుగు కావ్యాల సాక్ష్యం

తెలుగు సాహిత్య చరిత్రలో హిందూ-ముస్లిం మైత్రి ప్రస్తావనకు రాగానే గోల్కొండ కాలపు కావ్యాలను ఉదాహరించడం పరిపాటి. అద్దంకి గంగాధర కవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యమైన ‘యయాతిచరిత్రము’ను ఆ రాజ్యంలోని అధికారి అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. ఇవి సామరస్యానికి నిదర్శనాలనడంలో సందేహం లేదు. అయితే పరమతావగాహనకు కూడా నిదర్శనాలేనా అన్నది విడిగా పరిశీలించవలసిన ప్రశ్న.

ఇబ్రహీం రాజు కాకముందు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. 1550లో గోల్కొండ సింహాసనమెక్కాడు. 1565లో అదే రామరాయలపై ఇతర సుల్తానులతో కలిసి యుద్ధం చేశాడు. నాటి ఆశ్రయాన్ని గాని, తరువాతి యుద్ధాన్ని గాని కేవలం మతం ఆధారంగా వివరించలేం. కావ్యాంకితాలకూ ఇదే వర్తిస్తుంది. అవి ప్రధానంగా కవికీ ప్రభువుకూ మధ్య ఏర్పడిన పోషణ సంబంధాలు.

పై రెండు కావ్యాల కథలూ మహాభారత ఆదిపర్వంలోనివే. కృతిభర్త మతం వేరైనా కావ్యవస్తువు మారలేదు. ఇబ్రహీం తెలుగు కవులకు ‘మల్కిభరాము’డయ్యాడు. అంటే కవులు ప్రభువును తమ సంప్రదాయంలోకి ఆహ్వానించారు. అతని విశ్వాసం ఈ కథలకు వస్తువు కాలేదు. ఇది ఆ కవుల లోపం కాదు. ప్రబంధ కవిత్వం వారి ముందు ఉంచిన పని అది కాదు.

అవగాహనకు ఆధారాలను మరొక చోట వెతకాలి. పిఠాపురానికి చెందిన సూఫీ కవి ఉమర్ ఆలీషా (1885–1945) ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి తెలుగులోకి తెచ్చాడు; ‘అనసూయాదేవి’ నాటకమూ రాశాడు. చిలుకూరి నారాయణరావు ఖురానును తెలుగు చేశాడు. ఇక్కడ అంకితం పొందే ప్రభువు లేడు. ఎదుటివారి గ్రంథాన్ని, వారి కథను లోపలినుంచి చదివి, తన మాటల్లో చెప్పే బాధ్యతను రచయితే స్వీకరించాడు. అనువాదకుడు తనకు అంగీకారం కాని భావాన్ని కూడా సరిగ్గా అర్థం చేసుకోక తప్పదు. అవగాహనకు ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు.

పోషణనూ అవగాహననూ ‘మతసామరస్యం’ అనే ఒకే మాట కింద చేర్చడం వల్ల రెండింటి స్వరూపమూ మరుగున పడుతోంది. గోల్కొండ అంకితాలతోనే తృప్తిపడితే అనువాదకుల శ్రమ పరిశోధనకు అందకుండా పోతుంది. కలిసి జీవించడానికి సామరస్యం చాలవచ్చు. ఒకరినొకరు తెలుసుకోవడానికి మాత్రం చదవడం తప్పనిసరి. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే ఈ రంగంలో జరిగే పరిశోధన ప్రశంసను దాటి విమర్శ కాగలుగుతుంది.