ఏడు నీళ్లు కడిగినా

ఆదివారం గాజువాకలో కూరలకు వెళ్తే తోటకూర దగ్గర కాళ్లు ఆగిపోయాయి. అరచేతంత ఆకులు, వేలి లావు కాడలు. "ఎక్కడిదమ్మా ఇంత ఏపుగా?" అన్నాను. "గెడ్డ పక్క మడిలోదేనమ్మా, నీళ్లకి లోటు లేదు" అంది అమ్మే ఆమె. రెండు కట్టలు కొన్నాను. ఇంటికొచ్చాక, ఆ గెడ్డ పక్క మట్టిలో ఏముందోనని వండడానికి చెయ్యాడలేదు.

ఖాళీ జాగా కనిపిస్తే మొక్క నాటమని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోరానో మీకు తెలుసు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను కూల్చినప్పటి నుంచీ అదే పాట. చెడిన నేలలోనూ మొక్కలే వేయండి, విషాన్ని అవే లాగేస్తాయని కూడా రాశాను. అబద్ధం కాదు. ఆవ మొక్క, పొద్దుతిరుగుడు, కొన్ని ఫెర్న్‌లు మట్టిలోని లోహాలను వేళ్లతో పీల్చుకుంటాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎన్.వి. ప్రసాద్ గారు దశాబ్దాల పాటు ఈ శాస్త్రం మీదే పనిచేశారు.

మల్కాపురంలో మా పిన్ని ఆకుకూర కడగడం ఒక తంతు. ఇత్తడి పళ్లెంలో ఏడు నీళ్లు. మొదటి నీళ్లు నల్లగా దిగేవి. వాటిని మల్లెపాదుకైనా పోయనిచ్చేది కాదు, కాలవలోకే. ఆకును వెలుతురుకు పట్టి చూసి, ఇంకా మరక ఉంటే ఎనిమిదోసారి. ఆకలితో మేం గోల పెట్టినా వినేది కాదు. ఆ చేతుల పుణ్యమే మా ఆరోగ్యం అనుకుంటూ పెరిగాను.

పిన్ని సగమే గెలిచిందని ఇప్పుడు అర్థమవుతోంది. సీసం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేరు దాటి పైకి పెద్దగా రాదు. ఆకు మీది సీసం చాలావరకు దుమ్మే, కడిగితే పోతుంది. కాడ్మియం అలా కాదు. వేరులోంచి ఆకులోకి ఎక్కుతుంది. తోటకూర దాన్ని ఇట్టే తాగేస్తుంది. ఏడు నీళ్లు కాదు, మేఘాద్రిగెడ్డ జలాశయం మొత్తం పోసినా రాదు. నేలను శుభ్రం చేసే గుణమూ, కంచంలోకి విషం తెచ్చే గుణమూ ఒక్కటే.

విశాఖను 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కలుషిత ప్రాంతాల్లో చేర్చింది. మింది వైపు జింకు కరిగించిన కొలుములు 2012లో ఆరాయి. జింకు ఖనిజానికి కాడ్మియం తోడుంటుంది. లోహం కుళ్లిపోదు, ఆవిరైపోదు.

మరి మొక్కలతో లాగేద్దామా? కాగితం తీసి లెక్క వేశాను. ఎకరంలో జానెడు లోతు మట్టి సుమారు వెయ్యి టన్నులు. కిలో మట్టికి ఒక్క మిల్లీగ్రాము కాడ్మియం తగ్గాలంటే మొత్తం మీద కిలో లాగాలి. ఏడాదికి నాలుగు టన్నుల ఎండు పైరు వచ్చి, కిలోకు 20 మిల్లీగ్రాములు ఎక్కిందనుకున్నా 80 గ్రాములే. ఒక పుష్కరం దాటుతుంది. కోసిన ఆ పైరును ఆవుకు వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, ఎరువు చేయకూడదు. దాన్ని ఎక్కడ దాస్తారో చెప్పకుండా నాటమని ఇన్నాళ్లూ నేను రాసింది తప్పు.

అలాంటి నేలకు వట్టివేరు మేలు. ఎక్కువ లోహాన్ని వేళ్ల దగ్గరే ఆపి, మట్టిని ఎగరనివ్వకుండా పట్టుకుంటుంది. నేల శుభ్రపడదు, కానీ దుమ్ము పిల్లల ముక్కుల్లోకి పోదు. లేదంటే తినే పంట మాని పూలు వేయొచ్చు. అన్నిటికంటే ముందు గెడ్డల పక్క మడులన్నిటికీ ప్రభుత్వం ఉచితంగా మట్టి పరీక్ష చేయించాలి.

తోటకూర అమ్మిన ఆమె మడిలో ఏముందో పరీక్షిస్తేనే తెలుస్తుంది. మంగళవారం మళ్లీ వెళ్లి ఆ మాటే చెప్పాను. చెడ్డదని తేలితే బంతిపూలు వేస్తావా అని అడిగాను. కట్టల మీద నీళ్లు చల్లుతూ, "బంతి దసరాకేనమ్మా. తోటకూరైతే రోజూ డబ్బులు" అంది.