ఫిల్టరు రుచి కోసమే, రక్షణ కోసం కాదు

పైపు తాగేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదం ఒకటుంది. గొట్టంలో ఫిల్టరు పెట్టుకుని తాగాలా, పెట్టకుండా తాగాలా? పెట్టుకునేవాళ్లు పొగ పొడిగా వస్తుందని, నాలుక మండదని చెబుతారు. వద్దనేవాళ్లు ఆకు అసలు రుచిని ఫిల్టరే మింగేస్తుందంటారు. మండవల్లి, కైకలూరు వైపు పైపు తాగే మనిషి కనపడటమే అరుదు కనుక ఈ గొడవ మనది కాదనిపించవచ్చు. కానీ చుట్ట మనదే. గోదావరి లంకల్లో పండిన ఆకు దేశాలు దాటింది. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో, బూడిదను చూసి పొగాకు రకం పట్టేసే విద్య గురించి చెప్పే చోట లంక చుట్ట పేరు కూడా వస్తుంది. ‘కన్యాశుల్కం’లో గిరీశం పొగాకును ఎంతగా పొగిడాడో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆకు ఘాటు, చుట్ట బిగువు, బూడిద తెల్లదనం లాంటి పట్టింపుల్లో మనవాళ్లు పైపు వాళ్లకు ఏమాత్రం తీసిపోరు. అందుకే ఆ వాదం మనకూ పనికొస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫిల్టరు రుచిని మార్చే పనిముట్టు. దాన్ని ఆరోగ్యానికి హామీ అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ముందు అది చేసే పని చూద్దాం. పొగాకు మండేటప్పుడు అందులోని తడి ఆవిరై పొగతో పాటు గొట్టంలోకి వస్తుంది. అక్కడ చల్లబడి నీరుగా మారి, తారుతో కలిసి చేదు మడ్డి అవుతుంది. పీల్చినప్పుడల్లా పైపు గుడగుడమనేది దీనివల్లే. ఆ తడిని పట్టడానికే రకరకాల ఫిల్టర్లు పుట్టాయి. బాల్సా అనే తేలికపాటి కర్రతో చేసిన పుల్లలున్నాయి. కాగితం చుట్టలున్నాయి. మీర్షామ్ అనే మెత్తని ఖనిజం పలుకులు నింపినవీ ఉన్నాయి. 1930ల్లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన వావెన్ కంపెనీ ‘డాక్టర్ పెర్ల్’ పేరుతో పైపు ఫిల్టరు తెచ్చింది. లోపల ఉత్తేజిత బొగ్గు ఉన్న 9 మిల్లీమీటర్ల లావు ఫిల్టరు జర్మనీలో ఇప్పటికీ మామూలు వాడకంలో ఉంది. ఒకటి రెండు సార్లు తాగాక దాన్ని బయటికి లాగితే తెల్లగా ఉన్నది కాస్తా గోధుమరంగు తిరిగి, తడిసి, ముక్కు పగిలే వాసన వేస్తుంది. ‘ఇదంతా నా నోట్లోకి పోవాల్సింది కదా’ అనుకున్న మనిషికి ఫిల్టరు మీద గురి కుదురుతుంది.

ఆ గురికి ఆధారం సగమే. ఆగినది కంటికి కనిపిస్తుంది, దాటిపోయినది కనిపించదు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. నీళ్లు వచ్చే తూముకు వల కడతారు. కలుపు చేపలు, నాచు, చెత్త ఆగిపోతాయి. నీటిలో కరిగిన ఉప్పును మాత్రం ఆ వల ఆపలేదు. పైపు ఫిల్టరు సంగతీ అంతే. తడినీ కొంత తారునూ పడుతుంది. బొగ్గు ఉన్నదైతే కొన్ని ఘాటు ఆవిరులను కూడా పీల్చుకుంటుంది, అది కాదనలేం. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం దాన్ని నేరుగా దాటుతుంది. నికోటిన్‌లో ఎక్కువ భాగమూ దాటుతుంది. దాటకపోతే పైపు వెలిగించే పనే ఉండదు. చుట్టలో అయితే కాలని ఆకే ఫిల్టరు. మొదట్లో పొగలోని సరుకు కొంత ఆ ఆకులో చిక్కుకుంటుంది. నిప్పు అక్కడిదాకా వచ్చేసరికి చిక్కుకున్నది తిరిగి పొగలో కలుస్తుంది. చుట్ట చివరికొచ్చే కొద్దీ ఘాటెక్కడం తాగేవాళ్లందరికీ అనుభవమే.

ఫిల్టరును నమ్ముకుంటే ఏమవుతుందో సిగరెట్టు చరిత్ర చెబుతుంది. 1950ల్లో ధూమపానానికీ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ సంబంధం తేలుతుండగా కంపెనీలు భయానికి జవాబుగా ఫిల్టర్లు అమ్మాయి. అమెరికాలో కెంట్ సిగరెట్ల ఫిల్టరులో 1952 నుంచి 1956 దాకా వాడింది నీలి ఆస్‌బెస్టాస్. రక్షణ పేరుతో పెట్టిన పదార్థమే కేన్సర్ కారకం. తర్వాత ఫిల్టరు చుట్టూ సన్నని రంధ్రాలు పొడిచి ‘లైట్’ రకాలు తెచ్చారు. యంత్రం పీల్చినప్పుడు గాలి కలిసి తారు అంకె తగ్గింది. మనిషి యంత్రం కాదు. ఒంటికి అలవాటైన నికోటిన్ అందేదాకా గట్టిగా, లోతుగా పీల్చాడు, వేళ్లతో పెదాలతో ఆ రంధ్రాలు మూశాడు. ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా రకం కేన్సర్ పెరగడానికి సిగరెట్ల తయారీలో 1950ల తర్వాత వచ్చిన మార్పులే కారణమని 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పింది.

దీనికి పైపు, చుట్ట తాగేవాళ్ల దగ్గర ఒక బలమైన జవాబుంది. ‘మేం పొగ మింగం, నోట్లో ఉంచి వదిలేస్తాం’ అంటారు. అందులో నిజముంది. సిగరెట్లలో వాడే, బ్యారన్లలో వేడితో ఆరబెట్టిన వర్జీనియా ఆకు పొగకు ఆమ్ల గుణం ఉంటుంది కనుక ఊపిరితిత్తుల్లోకి పోతే గాని నికోటిన్ సరిగా అందదు. చుట్ట ఆకు పొగది క్షార గుణం. నోటి పొరల నుంచే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. అందుకే సిగరెట్టుతో పోలిస్తే పైపు, చుట్టల వల్ల వచ్చే ఊపిరితిత్తుల కేన్సర్ తక్కువ. కానీ నోటి కేన్సర్, గొంతు కేన్సర్ లెక్కల్లో ఆ తేడా నిలవదు. పొగ ఎక్కడ నిలిస్తే హాని అక్కడే నిలుస్తుంది. దీనికి సాక్ష్యం మన రాష్ట్రంలోనే ఉంది. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటుంది. దాన్ని అడ్డపొగ అంటారు. పరిశోధకులు పింద్‌బోర్గ్, మెహతాల బృందం అక్కడి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించింది. మరెక్కడా అంతగా కనిపించని అంగిలి జబ్బులు ఆ అలవాటున్న వాళ్లలో కనిపించాయి. నిప్పు చోటు మారింది, దెబ్బ తగిలే చోటూ మారింది.

ఎవరిష్టం వాళ్లది కదా అనే మాట మిగిలింది. రుచి విషయంలో ఆ మాట నాకు పూర్తిగా సమ్మతం. ఫిల్టరుతో తాగినవాడు తక్కువా కాదు, లేకుండా తాగినవాడు మొనగాడూ కాదు. అయితే ఇష్టం నిజంగా ఇష్టం కావాలంటే దాని వెనక ఉన్న లెక్క సరిగా తెలియాలి. ఫిల్టరు ఉంది కదా అని రోజుకు ఇంకోసారి పైపు గిన్నె నింపుకుంటే అది ఇష్టం కాదు, మోసపోవడం. పొగాకు మీద బతికే రైతుల మాటేమిటని ఇంకొందరు అడుగుతారు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టలో ఆ పంట మీద ఆధారపడ్డ కుటుంబాలున్నాయి. వాళ్లకు ప్రత్యామ్నాయ పంట, గిట్టుబాటు ధర చూపించడం మన బాధ్యత. ఆ బాధ్యతకు బదులుగా పొగ గురించి అబద్ధం చెప్పడం రైతుకు చేసే మేలు కాదు.

నిజం చెబితే జనం వింటారా అనే అనుమానం అక్కర్లేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో సుమారు 36 వేల మంది పొగాకు వాడకందార్లతో ఒక అధ్యయనం జరిగింది. ఇంటింటికీ వెళ్లి, నోరు పరీక్షించి, మాన్పించే మాటలు చెప్పారు. 1986లో వెలువడిన ఫలితాల ప్రకారం చాలామంది మానేశారు లేదా తగ్గించారు. నోట్లో తెల్లమచ్చలు రావడమూ తగ్గింది. ఆ పని చేసింది ఫిల్టరు కాదు, ఓపిగ్గా చెప్పిన మాట. కనుక పైపు తాగేవాళ్లు ఫిల్టరు సంగతి నాలుకనే అడిగి తేల్చుకోవచ్చు. ఒంటికి ఏది మంచిదని అడిగితే మాత్రం జవాబు మానెయ్యడమే. అంతవరకూ రాలేనివాళ్లు నోట్లో తెల్లమచ్చ గాని, రెండు వారాలైనా మానని పుండు గాని కనిపిస్తే, ఏ ఫిల్టరు వాడుతున్నా సరే, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించుకోవాలి.