కట్టడం తేలికే, నిలపడమే పని

ఆపరేటింగ్ సిస్టం ఏటేటా బరువెక్కుతుంది. అది నడిచే యంత్రం మాత్రం కొన్ననాడు ఎంతో ఇవాళా అంతే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 128 మెగాబైట్ల ర్యామ్ ఉంటే సరిపోతుందన్నారు. విండోస్ 11 కనీసం 4 గిగాబైట్లు అడుగుతుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేనిదే పెట్టనివ్వదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా సవరణలు ఆపేసింది. ఈ గడువులు దాటిన కంప్యూటర్లలో చాలావాటికి ఏ భాగమూ చెడిపోలేదు. అలాంటివాటిని పనిలో ఉంచడానికి కొందరు జీతం బత్తెం లేకుండా, ఇష్టం కొద్దీ చిన్న ఆపరేటింగ్ సిస్టంలు కట్టి ఏళ్ల తరబడి నిలబెడుతున్నారు.

ఈ చిన్న సిస్టంలలో ఎక్కువ భాగం లినక్స్ మీద కట్టినవే. జర్మనీకి చెందిన క్లాస్ క్నాపర్ 2000లో తెచ్చిన క్నాపిక్స్, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా సీడీ నుంచే మొత్తం సిస్టంను నడపవచ్చని చూపింది. దాన్ని కుదించి చేసిన డామ్ స్మాల్ లినక్స్ 50 మెగాబైట్లు దాటకూడదని పట్టుబట్టింది, విజిటింగ్ కార్డంత సీడీలో పట్టేది అంతే కాబట్టి. ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ 2003లో పప్పీ లినక్స్ మొదలుపెట్టాడు. డామ్ స్మాల్ లినక్స్‌లో పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్ తరవాత టైనీ కోర్ కట్టాడు. 46 మెగాబైట్ల ర్యామ్ ఉంటే చాలు, అది తెర మీదికి వస్తుంది. గ్రీసు నుంచి 2007లో వచ్చిన యాంటీఎక్స్ డెబియన్ అనే పెద్ద లినక్స్ సిస్టం మీద ఆధారపడింది. అర గిగాబైట్ ర్యామ్ ఉన్న యంత్రానికి ఈనాటికీ సూచించదగినది ఇదే.

వీటి పనితనమంతా ఏది వదిలేయాలో తెలియడంలో ఉంది. లినక్స్ కెర్నల్ నిజానికి పెద్ద బరువు కాదు. బరువంతా డెస్క్‌టాప్‌లో, వెనకాల ఎప్పుడూ నడుస్తుండే సేవల్లో, బ్రౌజర్లో ఉంటుంది. అందుకే గ్నోమ్, కేడీఈ లాంటి నిండు డెస్క్‌టాప్‌ల స్థానంలో జేడబ్ల్యూఎం, ఐస్‌డబ్ల్యూఎం లాంటి కిటికీల నిర్వాహకాలను మాత్రమే పెడతారు. ప్రింటర్ లేని చోట ప్రింటర్ సేవను, బ్లూటూత్ లేని చోట బ్లూటూత్ సేవను మొదలుకానివ్వరు. ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీదికి దించడానికి బదులు ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి వాడే జెడ్‌ర్యామ్ పద్ధతి ఉంది. తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రానికి ఇది పెద్ద ఊరట.

పప్పీ పద్ధతి మరీ తెలివైనది. సిస్టం మొత్తాన్ని స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కుదించిన ఫైలుగా చేస్తారు. అది చదవడానికే తప్ప రాయడానికి వీల్లేనిది. యంత్రం మొదలైనప్పుడు దాన్ని ర్యామ్‌లోకి ఎక్కించి, మార్పుల కోసం పైన ఒక ఖాళీ పొర వేస్తారు. అదనపు సాఫ్ట్‌వేర్ కావాలంటే మధ్యలో ఇంకో పొర. ఆత్రేయపురం పూతరేకు మడతలో రేకు మీద రేకు ఉన్నా ఒకటి మరొకదానిలో కలిసిపోదు కదా, ఈ అమరికా అలాంటిదే. వాడేవారికి అన్నీ కలిసి ఒకే డిస్క్‌లా కనిపిస్తాయి. అడుగు పొర ఎప్పటికీ మారదు. తుఫాను కాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని కోనసీమ లాంటి చోట దీని విలువ తెలుస్తుంది. పని మధ్యలో యంత్రం ఆగిపోతే, దాచుకోని చివరి మార్పులు పోతాయేమో గానీ అసలు సిస్టం చెక్కుచెదరదు. పప్పీలో ఒక లోటు మాత్రం మొదటి నుంచీ ఉంది. వాడేవారు సర్వాధికారాలున్న ఖాతాలోనే పనిచేస్తారు. ఒక్కరు వాడే ఇంటి యంత్రంలో దీన్ని సరిపెట్టుకోవచ్చు, నలుగురు కూర్చునే చోట కుదరదు.

తెలుగు దగ్గరకు వచ్చేసరికి ఈ పొదుపుకు కొత్త చిక్కు ఎదురవుతుంది. ‘ఆత్రేయపురం’ అనే పేరునే తీసుకుంటే, యూనికోడ్‌లో అది పది సంకేతాలు: ఆ, త, పొల్లు, ర, ఏత్వం, య, ప, కొమ్ము, ర, సున్న. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడేసి బైట్ల చొప్పున మొత్తం ముప్ఫై. తెర మీద మాత్రం రెండో అక్షరం నుంచి నాలుగు సంకేతాలు కలిసి ఒకే ‘త్రే’గా కనిపించాలి. ర వత్తు త కిందికి చేరాలి. ఏత్వం మెమరీలో ర తరవాత ఉన్నా త తల మీద కూర్చోవాలి. ఈ కూర్పు పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది, ఏ ముక్కను ఎక్కడ పెట్టాలో ఫాంటు దానికి చెబుతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఈ తతంగం అక్కర్లేదు కాబట్టి, బరువు తగ్గించే ఉత్సాహంలో ముందుగా వేటుపడేది దీని మీదే. టైనీ కోర్ సొంత పనిముట్లు ఎఫ్ఎల్‌టీకే అనే చిన్న లైబ్రరీ మీద కట్టినవి. చాలాకాలం ఆ లైబ్రరీ అక్షరాలను పక్కపక్కన పేర్చడమే గానీ కూర్చేది కాదు. అలాంటి కిటికీలో ఊరి పేరు ‘ఆత్‌రేయపురం’ అయి కూర్చుంటుంది. పార్సిల్ పెట్టె మీద అంటించే చీటీ అలా అచ్చయితే ఏ వ్యాపారీ ఒప్పుకోడు.

కాబట్టి తెలుగువాడికి తేలిక సిస్టం అంటే అన్నిటికన్నా చిన్నది కాదు, కూర్పు లైబ్రరీలను ఉంచి మిగతావి తీసేసినది. ఫాంట్ల విషయంలోనూ అంతే. ప్రపంచ భాషలన్నిటి ఫాంట్లనూ తెచ్చిపెట్టే పెద్ద ప్యాకేజీలో చైనా, జపాన్, కొరియా లిపులే సింహభాగం మింగేస్తాయి. తెలుగుకు కావలసినవి రెండు మూడు ఫైళ్లు. డెబియన్‌లో లోహిత్ తెలుగు విడిగా దొరుకుతుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి స్వేచ్ఛగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు మరో చిన్న ప్యాకేజీలో ఉన్నాయి. టైపింగ్‌కు చాలామంది ఐబస్‌ను పెడతారు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ వంటి అమరికలన్నీ దానిలో వస్తాయి, కానీ అది నిరంతరం వెనకాల నడుస్తూ ర్యామ్ తింటుంది. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారికి అసలు దాని అవసరమే లేదు. తెరను నడిపే ఎక్స్ వ్యవస్థలోనే తెలుగు కీబోర్డు అమరిక ఉంది, ఒక్క ఆదేశంతో అది పనిలోకి వస్తుంది, అదనపు ర్యామ్ దాదాపు ఏమీ పట్టదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవారు మాత్రం ఐబస్ బరువు మోయక తప్పదు.

ఇంతవరకూ చెప్పింది కట్టడం గురించి. ఓపిక ఉన్న విద్యార్థి సెలవుల్లో ఇదంతా చేయగలడు. అసలు పని ఆ తరవాత మొదలవుతుంది. నిర్వాహకుడు పై నుంచి వచ్చే భద్రతా ప్రకటనలను వరసగా చూస్తుండాలి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు, ఆ లోపమున్న వెర్షన్‌ను వాడే ప్రతి చిన్న సిస్టమూ వెంటనే కొత్త ప్యాకేజీ అందించాల్సి వచ్చింది. పొరల పద్ధతిలో ఇది ఇంకాస్త శ్రమ, ఎందుకంటే మారని అడుగు పొరనే మళ్లీ కట్టి ఇవ్వాలి. ఈ చాకిరీ తగ్గించడానికే కౌలర్ వూఫ్ అనే కట్టుబడి పనిముట్టు రాశాడు. డెబియన్, ఉబుంటు, స్లాక్‌వేర్‌ల సిద్ధ ప్యాకేజీలను తీసుకుని దానితో పప్పీని కూర్చవచ్చు. 2013లో అతను తప్పుకున్నాక కూడా పప్పీ ఆగకపోవడానికి ఈ పనిముట్టు నలుగురి చేతిలో ఉండటమే ముఖ్య కారణం. డామ్ స్మాల్ లినక్స్ 2008 తరవాత కుంటుపడి, 2012లో ఒక ప్రయత్నం తరవాత మూలనపడింది. మళ్లీ 2024లో గానీ లేవలేదు. లేచేటప్పటికి 50 మెగాబైట్ల నియమం పోయి 700 మెగాబైట్ల సీడీ వచ్చింది, కింద యాంటీఎక్స్ చేరింది.

రెండో పని, యంత్రాల తేడాలు గుర్తుపెట్టుకోవడం. పెంటియం 3లో ఎస్ఎస్ఈ2 ఆదేశాలు లేవు. ఆ ఆదేశాలు లేనిదే క్రోమ్ 2014 నుంచి నడవదు, ఫైర్‌ఫాక్స్ కూడా తరవాత అదే బాట పట్టింది. తొలి పెంటియం ఎం ప్రాసెసర్లు కొన్ని, ఎక్కువ ర్యామ్‌ను అందుకోవడానికి పనికొచ్చే పీఏఈ సదుపాయం ఉండి కూడా లేదని చెబుతాయి, వాటికి బూట్ వరసలో ‘ఫోర్స్‌పీఏఈ’ అని రాయాలి. ఇలాంటివి పుస్తకాల్లో తక్కువ, పాత యంత్రం ముందు కూర్చున్నవారి దగ్గరే ఎక్కువ.

ఫిర్యాదు ఒకటైతే కారణం ఇంకొకటిగా ఉండటం ఈ పనిలో మామూలే. ‘ఇంటర్‌నెట్ ఉంది, ఏ సైటూ తెరుచుకోవడం లేదు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు దోషి మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ల. అది అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, సైటు భద్రతా పత్రం ‘ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అని బ్రౌజర్ తిరగ్గొడుతుంది. బిళ్ల మార్చి బయాస్‌లో తేదీ సరిచేస్తే చాలు. గడియారం సరిగానే ఉండి కూడా అలా జరిగితే పత్రాల ప్యాకేజీ పాతదని అర్థం. 2021 సెప్టెంబర్ 30న, ఇలాంటి పత్రాలు జారీచేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడిన ఒక పాత మూలపత్రానికి కాలం తీరినప్పుడు, సవరణలు అందని చాలా సిస్టంలకు ఒక్క రోజులో ఇదే గతి పట్టింది.

తెలుగునాట ఈ రంగంలో పేరున్న ప్రయత్నం స్వేచ్ఛ. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టం విడుదల చేసింది, తరవాత పిల్లల కోసం బాల స్వేచ్ఛను తెచ్చింది. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్ కూడా తెలుగులో పనిచేసేది. ఇవి తేలికపాటివి కావు. భాష వీటి లక్ష్యం, యంత్రం వయసు కాదు. అయితే ఇలాంటి తెలుగు బృందాల చేతి మీదుగా మెనూల అనువాదాలు, ఫాంట్లు, కీబోర్డు అమరికలు మూల ప్రాజెక్టులకు చేరాయి, ఏ పేరుతో ఏ సిస్టం కట్టినా అవి అందుబాటులో ఉంటాయి. అందుచేత ఇవాళ తెలుగులో తేలిక సిస్టం కోరేవారు కొత్త పేరు, కొత్త లోగోతో ఇంకొకటి మొదలుపెట్టడం దండగ. యాంటీఎక్స్ మీద వేసే పది పదిహేను ప్యాకేజీల జాబితా, ఒక కీబోర్డు ఆదేశం చాలు. అలాంటి జాబితాను ఒక్క మనిషి ఏళ్లపాటు చూసుకోగలడు. సొంత కెర్నల్‌ను అలా చూసుకోలేడు.

అన్ని చోట్లా ఈ మందు పనిచేయదు. తెలుగు డీటీపీ కేంద్రాల్లో ఎన్నో ఏళ్ల ఫైళ్లు పేజ్‌మేకర్లో, అను ఫాంట్లతో ఉన్నాయి. ఆ అక్షరాలు యూనికోడ్‌కు సంబంధం లేని సంకేతాలు. లినక్స్‌లోకి తెస్తే గజిబిజిగా కనిపిస్తాయి. ఆ యంత్రాన్ని పాత విండోస్‌తోనే ఉంచి నెట్ తీగ పీకేయడం మేలు.

32 బిట్ల యంత్రాలకు మిగిలిన కాలం కూడా లెక్కకు అందుతోంది. ఆర్చ్ లినక్స్ 2017లో వాటిని వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి కెర్నల్, ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. డెబియన్ 12కు ఐదేళ్ల ఆదరణ 2028 జూన్‌తో ముగుస్తుంది. 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న పొంగిపోతుంది. మిగిలిన కొన్ని 32 బిట్ల ప్రాసెసర్ల కోసం ఆ గడియారాన్ని వెడల్పు చేసిన డెబియన్, పాత ప్రోగ్రాములు చెడతాయని పెంటియం వర్గాన్ని మాత్రం పక్కన పెట్టింది. 64 బిట్ల కోర్ 2 డ్యుయో యంత్రాలకు ఈ గడువులేవీ వర్తించవు. పాతది కొనేవారు ఆ ఒక్క సంగతి చూసుకుంటే చాలు.