కింది డివిజన్‌లో ఒక గెలుపు

2019 జూన్‌లో మనీలాలో మన మహిళల రగ్బీ జట్టు చైనా చేతిలో 68-0తో చిత్తయింది. ఆతిథ్య ఫిలిప్పీన్స్‌తో నువ్వా నేనా అన్నట్టు ఆడి 32-27తో ఓడింది. ఆఖరున సింగపూర్‌ను 21-19తో గెలిచింది. ఆట ముగియబోతుండగా పెనాల్టీ కొట్టి ఆ చివరి మూడు పాయింట్లూ తెచ్చింది సుమిత్రా నాయక్. భువనేశ్వర్‌లో గిరిజన పిల్లల కోసం నడిచే కిస్ విద్యాసంస్థలో ఆట నేర్చుకున్న ఒడిశా అమ్మాయి. పదిహేను మంది ఆడే రగ్బీలో మన ఆడపిల్లలకు అదే మొదటి అంతర్జాతీయ విజయం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో క్రికెట్ ప్రపంచకప్ జరుగుతోంది. ఇక ఈ సంగతి ఎవరి చెవిన పడుతుంది?

మనీలాలో జరిగింది ఆసియాలో పై వరుస జట్ల పోటీ కాదు, డివిజన్ 1. ఆసియా రగ్బీలో జట్ల బలాన్ని బట్టి అంతస్తులుంటాయి. పురుషుల చాంపియన్‌షిప్ 1969లో టోక్యోలో మొదలైంది. 2008లో ఆసియన్ ఫైవ్ నేషన్స్‌గా మారాక పైన అయిదు జట్లు, కింద డివిజన్లు అన్న పద్ధతి కుదిరింది. గెలిచినవాళ్లు పైకి వెళ్తారు, అడుగున మిగిలినవాళ్లు కిందికి దిగుతారు. జపాన్ లాంటి జట్టు ఆడినంతకాలం దాదాపు ఎప్పుడూ శిఖరం మీదే ఉంది. మన పురుషుల జట్టు ఆడేది కింది మెట్ల మీదే. అందులో చిన్నతనమేమీ లేదని నా గట్టి నమ్మకం. 68-0 మ్యాచ్‌లో బంతి చేతికి రావడమే గగనం. ఈడూజోడూ అయిన జట్టుతో రెండు పాయింట్ల తేడాతో ఆడినప్పుడే ఊపిరి అందనివేళ కూడా బుర్ర పనిచెయ్యడం అలవాటవుతుంది.

నిజానికి ఈ ఆట మన దేశానికి కొత్త కాదు. 1872లోనే కలకత్తాలో ఆడారు. అక్కడి క్లబ్బు మూతపడితే బ్యాంకులో మిగిలిన వెండి రూపాయల్ని కరిగించి కప్పు చేయించారు. నాగుపాములే దానికి పిడులు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇప్పటికీ ఆ కలకత్తా కప్పు కోసమే పోరాడతాయి. మన దేశం పేరుతో జట్టు అంతర్జాతీయ మైదానంలో దిగింది మాత్రం 1998లో.

ఇదంతా నెల్లూరు తీరంలో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, ఆ ఆటకు కావలసిన పట్టు మా ఇసకలో ఉంది కాబట్టి. మైపాడులోనో తుమ్మలపెంటలోనో సాయంత్రం చెడుగుడు ఆడే కుర్రాళ్లను చూడండి. కూతకొచ్చినవాడు బోనస్ గీత మీదికి కాలు చాపగానే మూలనున్నవాడు రెండు చేతులతో చీలమండ పట్టేస్తాడు. గడ్డం గుండెకు ఆనించి, తన మడమలు తడి ఇసకలో దించి, వెనక్కి కూలబడతాడు. ఎదుటివాడు ఎంత గుంజుకున్నా ఆ వేళ్లు ఊడవు.

రగ్బీ ట్యాకిల్‌కీ మొదటి పాఠం అదే, ఒళ్లు వంచి కిందికి వెళ్లడం. భుజాల గీత దాటి పైన పట్టుకుంటే పెనాల్టీ. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దినా తప్పే. తల పక్కకు పెట్టాలి, పరుగెత్తేవాడి మోకాలికి ఎదురు పెట్టకూడదు. మనవాళ్లకు కష్టమయ్యేది ఆ తర్వాతి క్షణం. చెడుగుడులో పట్టినవాణ్ణి వదలకూడదు. రగ్బీలో పడగొట్టగానే వదిలెయ్యాలి, పడ్డవాడు బంతిని వదలాలి, మళ్లీ లేచి నిలబడ్డవాడే దాన్ని అందుకోవాలి. ఒంట్లో జీర్ణించుకున్న అలవాటును అలా మార్చుకోవడానికి నెలలు పడుతుంది. దగ్గరుండి చూపించే గురువు లేకపోతే మెడలు దెబ్బతింటాయి. అందుకే శిక్షణ లేకుండా పిల్లల చేతికి బంతి ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను.

2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతోనూ ఒక జట్టు దిగింది. సంతోషమే. కానీ లీగులతో జాతీయ జట్టు తయారవదు. కిస్ లాంటి బడుల్లో, ఏళ్ల తరబడి ఒకే మైదానంలో తయారవుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన సముద్రంలో వేట నిషేధం. మరబోట్లు ఒడ్డున ఉంటాయి, బడులకు ఎండాకాలం సెలవులు. కుర్రాళ్లు ఊళ్లోనే ఉంటారు. బీచ్ రగ్బీకి జట్టుకు అయిదుగురు చాలు, గోల్ స్తంభాలు కూడా అక్కర్లేదు. జిల్లా క్రీడాధికారులకూ తీరప్రాంత బడుల పీఈటీలకూ నా విన్నపం ఒక్కటే. వచ్చే నిషేధ కాలంలో ఇసకపల్లిలోనో జువ్వలదిన్నెలోనో శిక్షణ పొందిన కోచ్‌తో ఒక శిబిరం పెట్టించండి. అందులో ఆడపిల్లలకు సగం చోటు కేటాయించండి.