మైదానం ఖాళీగా ఉన్నప్పుడు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌తో ముగుస్తుంది. ఆ తర్వాత దాదాపు ఏడు నెలలపాటు లెక్కలోకి వచ్చే మ్యాచ్ ఒక్కటీ ఉండదు. డైనాస్టీ ఫాంటసీ ఆడేవాళ్ళకు మాత్రం అసలు పని అప్పుడే. డాలస్ దగ్గర మా ఇంట్లో మే నెల రాత్రి ఫోన్ మోగిందంటే, చాలాసార్లు అది న్యూజెర్సీ నుంచి మా లీగ్ తమ్ముడే. "అన్నా, ఆ కుర్రాణ్ణి ఇస్తావా? ఏం కావాలో చెప్పు" అంటాడు. కుశలప్రశ్నలన్నీ ఆ తర్వాతే.

కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. లీగ్‌లో సాధారణంగా పన్నెండుమంది ఉంటారు. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళను ఎంచుకుని ఎవరి జట్టు వాళ్ళు కట్టుకుంటారు. మైదానంలో ఆ ఆటగాళ్ళు ఏం చేస్తే దాన్నిబట్టి మనకు పాయింట్లు వస్తాయి. పది గజాల పరుగుకు ఒకటి, టచ్‌డౌన్‌కు ఆరు, చాలా లీగుల్లో పట్టిన ప్రతి క్యాచ్‌కూ ఒకటి. 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్, ఇద్దరు మిత్రులతో కలిసి న్యూయార్క్ హోటల్లో కూర్చుని ఈ ఆటకు నియమాలు రాశాడు. మరుసటి ఏడాది ఆగస్టులో ఓక్లాండ్‌లో తన ఇంట్లోనే ఎనిమిది జట్లతో, ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే మొదటి డ్రాఫ్ట్ పెట్టాడు. ఇప్పుడు మామూలు లీగుల్లో ఏటా జట్లు రద్దు చేసి మళ్ళీ ఎంచుకుంటారు. డైనాస్టీలో అలా కాదు. మెగా వేలం ఎన్నటికీ రాని ఐపీఎల్ అనుకోండి. ఒకసారి తీసుకున్న ఆటగాడు మీరు వదిలేదాకా, లేదా అతను ఆట మానేసేదాకా మీవాడే. ఏటా కొత్తగా చేతికొచ్చేది ఆ వసంతంలో కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్ళు మాత్రమే. వాళ్ళకోసం మే నెలలో నాలుగైదు రౌండ్ల చిన్న డ్రాఫ్ట్ జరుగుతుంది. సాధారణంగా కిందటేడు అట్టడుగున నిలిచినవాడికి అందులో మొదటి పిక్.

వేసవి పని అనగానే కొత్తవాళ్ళు పట్టికలు ముందేసుకుంటారు. ఏ ఆటగాడు ఎన్నో స్థానం, ఎవరి విలువ ఎంత అని. పట్టికలు అక్కరకొస్తాయి, కాదనను. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నా జట్టు ఈ ఏడు గెలిచే జట్టా, రెండేళ్ళ తర్వాత గెలిచే జట్టా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోనివాడికి ఏ పట్టికా దారి చూపదు. ఒకే ఆటగాడు ఒకరికి బంగారం, ఇంకొకరికి బరువు. ఆ తేడా ఉన్నందుకే బేరం కుదురుతుంది.

బేరానికి కూడా రుతువులుంటాయి. ముప్పైకి దగ్గరపడిన ఆటగాడి ధర మార్చి నుంచి జూన్ దాకా పడిపోతుంది. మ్యాచ్‌లు లేనప్పుడు అతను తెచ్చే పాయింట్లు కంటికి కనబడవు, వయసే కనబడుతుంది. సెప్టెంబరు వచ్చి పాయింట్లు పడటం మొదలయ్యాక అతనే మళ్ళీ అందరికీ కావాలి. కొత్త కుర్రాళ్ళ పిక్‌లు దీనికి పూర్తిగా తలకిందులు. సీజన్ మధ్యలో వాటిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఏప్రిల్ చివరలో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ అయ్యి, ఏ కుర్రాడు ఏ జట్టుకు వెళ్ళాడో తెలిశాక ఆశలు ఆకాశాన్నంటుతాయి. మీ వంతు వచ్చి, గడియారం తిరుగుతున్నప్పుడు ఆ పిక్‌కు వచ్చినంత ధర ఇంకెప్పుడూ రాదు. ఎంచుకున్న మరుక్షణం అది పిక్ కాదు, లోపాలున్న ఒక మనిషి. కాబట్టి గెలవాలనుకునేవాడు మే, జూన్‌లలో పాతకాపులను కొనాలి. జట్టును మళ్ళీ కట్టుకునేవాడు వాళ్ళను అమ్మడానికి శరదృతువుదాకా ఓపిక పట్టాలి. ఈ సంగతి వినడానికి తేలిక. చేతిలో ఉన్న పేరు వాడిపోతున్నట్టు అనిపించే మే నెలలో పాటించడమే కష్టం.

నేను పాటించలేకపోయిన ఏడాది 2024. డెరిక్ హెన్రీ నా జట్టులో ఉన్నాడు. రన్నింగ్ బ్యాక్ అంటే బంతి పట్టుకుని ఎదురుగా ఉన్న మందలోకి దూసుకెళ్ళేవాడు. వారం వారం దెబ్బలు తినే శరీరం అది. ఇరవై ఆరు, ఇరవై ఏడు దాటాక ఎక్కువమంది తగ్గిపోతారు. టాడ్ గర్లీ 2017లో దాడి వరుసలో దేశంలోకెల్లా మేటిగా ఎన్నికై, ఇరవై ఆరేళ్ళకే చివరి మ్యాచ్ ఆడేశాడు. ఆ భయం నాలో ఉంది. హెన్రీకి ఆ జనవరికే ముప్పై నిండాయి. మార్చిలో అతను బాల్టిమోర్ రేవెన్స్‌కు మారాడు. వయసు అంకె ఒక్కటే చూసి, రెండో రౌండ్ పిక్‌కు న్యూజెర్సీ తమ్ముడికి ఇచ్చేశాను. ఆ సీజన్‌లో హెన్రీ 1,921 గజాలు పరుగెత్తాడు, పరుగు మీదే 16 టచ్‌డౌన్లు చేశాడు. నేను తప్పు చేసింది వయసు లెక్కలో కాదు. అలాంటివాణ్ణి అమ్మడం చాలామంది విషయంలో సరైనదే. నాది ఆ ఏడు గెలవగల జట్టు. గెలవగల జట్టుకు కావాల్సింది ఆ ఒక్క ఏడాదే, అది అతని దగ్గర ఉంది. నా జట్టు ఏమిటో నేను చూడలేదు, తమ్ముడు చూశాడు.

విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్లు ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తారు. బంతిని విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు ముప్పై అయిదు దాటినా ఆడతారు. అందుకే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను దించగలిగే సూపర్‌ఫ్లెక్స్ లీగుల్లో వాళ్ళను వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

కుర్రాళ్ళ విషయంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ట్యాక్సీ స్క్వాడ్. అసలు జట్టులో చోటు తినకుండా, పాయింట్లు తేకుండా, ముగ్గురు నలుగురు కొత్తవాళ్ళు పక్కన ఎదిగే చోటు అది. పేరు వెనక నిజమైన చరిత్ర ఉంది. 1940లలో క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ యజమాని మిక్కీ మెక్‌బ్రైడ్‌కు ట్యాక్సీల కంపెనీ ఉండేది. జట్టులో చోటు చాలని ఆటగాళ్ళు చేజారకుండా వాళ్ళకు తన ట్యాక్సీ కంపెనీలో జీతమిచ్చి ఉంచుకునేవాడు. మన నారుమడి లాంటిదే ఇది. పైరు ఊడ్చేదాకా ప్రతి మొక్కా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. ఏది కంకి వేస్తుందో మడి దగ్గర నిలబడి చెప్పలేం, చూస్తూ ఉండాలి.

ఎలా చూడాలన్నదే ప్రశ్న. మే, జూన్‌లలో జరిగే సాధనలో ఆటగాళ్ళు ఒళ్ళు తాకించుకోరు. కాబట్టి అప్పుడొచ్చే పొగడ్తలను నేను సగానికి సగం కొట్టేస్తాను. జులై చివర శిబిరాలు మొదలయ్యాక మొదటి వరుసలో ఎవరు నిలబడుతున్నారన్నదే వార్త. 2023లో లాస్ ఏంజెలిస్ రామ్స్ అయిదో రౌండ్‌లో 177వ పిక్‌గా రిసీవర్ పూకా నకువాను తీసుకుంది. మేలో అతని పేరు పట్టించుకున్నవాళ్ళు కొద్దిమందే. అదే జట్టు ప్రధాన రిసీవర్ కూపర్ కప్ తొడ కండరం పట్టేసి మొదటి నాలుగు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఆ ఖాళీలోకి వచ్చిన నకువా 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ళ రికార్డులు తిరగరాశాడు. అలాంటివాడికి ఆగస్టులో చోటుండాలంటే, జులైలోనే జట్టు చివర ఒకరిద్దరిని వదులుకునే గుండె ఉండాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కూడా ఆగస్టు చివర తొంభైమందిని 53కు కుదిస్తాయి. ఆ వారం మనకూ అదే కోత.

ఆగస్టు ఎంత కఠినమైనదో 2019లో చూశాం. ఇండియానాపోలిస్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ ఆగస్టు 24 రాత్రి ఆటకు సెలవు చెప్పాడు. వయసు ఇరవై తొమ్మిది. గాయం, చికిత్స, మళ్ళీ గాయం అతన్ని అలసటకు గురిచేశాయి. అతని మీద నాలుగేళ్ళ ప్రణాళిక వేసుకున్న వాళ్ళంతా ఆ రాత్రికి రాత్రే మళ్ళీ మొదటికొచ్చారు. మన పట్టికలో పేరుగా ఉన్నవాడు నొప్పి ఓర్చుకుంటున్న మనిషి అన్న సంగతి నాకు ఆ రోజు గట్టిగా గుర్తుకొచ్చింది. అప్పటినుంచి గాయం వార్త రాగానే ధర గురించి మాట్లాడే అలవాటు మానుకున్నాను.

ఈ ఆట నిలబడేది మాట మీద. మా లీగ్‌లో ఒకాయన రాబోయే రెండేళ్ళ మొదటి రౌండ్ పిక్‌లన్నీ అమ్మి ఒక సీజన్ ఆడి, వేసవిలో ఫోన్ ఎత్తడం మానేశాడు. అలా దిక్కులేకుండా పోయిన జట్టును ఆర్ఫన్ అంటారు. దాన్ని తీసుకోవడానికి కొత్తవాణ్ణి ఒప్పించడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మాకొక నియమం ఉంది: ఏ ఏడాది పిక్ అమ్మితే ఆ ఏడాది చందా ముందే కట్టాలి. మంచి పిక్ కోసం కావాలని ఓడిపోకుండా ఇంకో కట్టుబాటు కూడా ఉంది. డ్రాఫ్ట్ వరుసను గెలుపోటములతో కాక, ఆ జట్టు తన మేటి ఆటగాళ్ళను దించి ఉంటే వచ్చే పాయింట్లతో తేలుస్తాం. ఈ ఏర్పాట్ల వల్లే పన్నెండుమందీ నిలిచారు. ఉద్యోగాలు మారి ఊళ్ళు వదిలినా, పిల్లలు పుట్టినా, ప్రతి మేలో ఆ ఫోన్ మోగుతూనే ఉంది.

ఈ జూన్‌లో తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. నా దగ్గరున్న ఇరవై తొమ్మిదేళ్ళ రిసీవర్ కావాలన్నాడు. ఈసారి ముందు నా జట్టు వంక చూసుకున్నాను. రెండేళ్ళకుగానీ తేరుకోదు. బదులుగా మూడో ఏటి మొదటి రౌండ్ పిక్ అడిగాను. హైస్కూల్ దాటి మూడేళ్ళు కానిదే ఎవరూ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు రాకూడదన్నది నియమం. అంటే నాకు దక్కబోయే కుర్రాడు బహుశా ఈ మేలోనే హైస్కూల్ పూర్తి చేశాడు. ఏ టెక్సాస్ ఊళ్ళోనో, ఏ జార్జియా ఊళ్ళోనో కాలేజీ హాస్టల్‌కు పెట్టె సర్దుకుంటూ ఉంటాడు.