మలుపులందలి విద్య

మోటారు పందెములను గూర్చి మనలో ననేకులకు గల భావ మిది: గుండెదిటవు గలవాడు ఆక్సిలరేటరును అడుగంట తొక్కి ఎదుటివానికంటె ముందు పోవును, అంతకు మించి యందు నేర్వవలసిన దేమియు లేదు. ఈ భావము సరికాదని నా దృఢ విశ్వాసము. తిన్నని దారిలో వేగముగా పోవుట ప్రధానముగా యంత్రము పని. మనుష్యుని విద్య మలుపునొద్ద, అనగా వేగమును తగ్గించుకొనవలసిన చోట, బయటపడును. అందుచేతనే ఈ రంగమున పేరుగన్న సారథులు చిన్న బండ్లతో మొదలిడి, మెట్టుమెట్టున ఒక్కొక్క నేర్పును వశపరచుకొని, కడకు ఫార్ములా వన్ గుమ్మమును చేరుచున్నారు.

మొదటి మెట్టు గోకార్టు. ఐరోపాలో ఏడెనిమిదేండ్ల పసివారే దీనిపై కూర్చుందురు. బ్రెజిలు దేశీయుడైన అయిర్టన్ సెన్నాకు నాలుగవ యేటనే తండ్రి చిన్న కార్టు నొకదానిని సమకూర్చెను. ఈ బండికి స్ప్రింగులు లేవు. వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి యుండుటచే, మలుపులో లోపలివైపు చక్రము రవంత పైకి లేచిననే గాని బండి చక్కగా తిరుగదు. నేలలోని ప్రతి గతుకును నడుమునకు తగులును. సంగీతమునకు సరళీస్వరములవలె, పై మెట్ల విద్యలన్నియు బీజరూపమున నిందు గలవు.

ఒక మలుపును దగ్గరనుండి చూతము. దారి కుడివైపునకు తిరుగుచున్న దనుకొందము. సారథి ఎడమ అంచు వెంబడి వచ్చి, తిరుగుటకు ముందే బ్రేకును బలముగా తొక్కును. బండి బరువు ముందు చక్రములపైకి ఒరిగి, అవి నేలను గట్టిగా పట్టుకొనును. అప్పుడు స్టీరింగు త్రిప్పుచు, త్రిప్పినకొలదియు బ్రేకుపైనుండి కాలిని కొంచెము కొంచెముగా సడలించును. ఏలయనగా టైరునకు గల పట్టు పరిమితము; దానిని ఆగుటకును తిరుగుటకును పంచుకొనవలెనే గాని, రెంటికిని నిండుగా కోరినచో బండి జారిపోవును. పిదప లోపలి అంచును రాచుకొని, చక్రములు తిన్ననగుచుండగా ఆక్సిలరేటరును క్రమముగా నొక్కి, మరల ఎడమ అంచువరకు బండిని సాగనిచ్చును. ఇదియంతయు కొన్ని సెకండ్ల పని. తొందరపడి మలుపులో ప్రవేశించినవాడు మందగతితో బయటపడును. ఆ మాంద్యము ముందున్న తిన్నని దారి పొడవునను వానిని వెంటాడును. వాన కురిసినప్పుడు, టైర్ల రబ్బరు పేరుకొని నున్ననైన అలవాటు దారిని విడిచి, గరుకు నేలను వెదకుకొనవలెను. 1984లో మొనాకో నగరపు వానలో, అంతగా పేరులేని టోల్మన్ కారుతో సెన్నా ద్వితీయస్థానము పొందుట ఇట్టి నేర్పు ఫలమే.

ఇక మన దేశమునుండి తొలిసారిగా ఫార్ములా వన్ పందెమున నిలిచిన నరైన్ కార్తికేయన్ చరిత్రమును చూచినచో, ఈ సోపానక్రమము ఎంత కఠినమైనదో తెలియగలదు. 1977లో జన్మించి కోయంబత్తూరులో పెరిగిన ఈయనకు తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీ పోటీలలో జాతీయ విజేత యగుటచే, యంత్రముల చప్పుడు పుట్టింటి సొమ్మైనది. కాని పసితనమున కార్టుపై సుదీర్ఘాభ్యాసము చేయు వసతి నాడు మనకు లేదు. కోయంబత్తూరు వాస్తవ్యుడే యైన కరివర్ధన్, మారుతి 800 ఇంజనుతో తక్కువ వెలకు రూపొందించిన ఫార్ములా మారుతి బండ్లే ఆ తరమునకు ఆధారము. మద్రాసు సమీపమున శ్రీపెరుంబుదూరు దారిపై నరైన్ చేసిన తొలి పందెములు వానితోనే. ఎందరో యువకులకు దారి చూపిన కరివర్ధనుని స్మరింపక ఈ కథ చెప్పుట న్యాయము కాదు.

1992లో ఫ్రాన్సునందలి ఎల్ఫ్ విన్‌ఫీల్డు పాఠశాలలో శిక్షణ పొంది, నరైన్ 1994లో బ్రిటనులో ఫార్ములా ఫోర్డు బండి నెక్కెను. ఈ బండికి రెక్కలు లేవు. సారథికి టైర్లును తన చేతులును తప్ప వేరు దిక్కు లేదు. ఆ శీతకాలపు పోటీలలో గెలుపొంది, 1996లో ఫార్ములా ఏషియా విజేతయై, 1998లో బ్రిటిషు ఫార్ములా త్రీ చేరెను. అచ్చట పాఠము మారును. ఆ కార్ల రెక్కలు గాలి బలముతో బండిని నేలకు అదుమును. వేగము పెరిగినకొలదియు పట్టు పెరుగును. కావున భయపడి వేగము తగ్గించినవానికే పట్టు తప్పును. తిన్నని దారిలో ముందు బండి చాటున గాలి తాకిడి తగ్గి వెనుకవానికి లాభమగును గాని, మలుపులో ఆ కలతపడిన గాలియే వాని రెక్కలను నిర్వీర్యము చేయును. ఈ సూక్ష్మములన్నియు ఒంటబట్టినవాడు గనుకనే 1999లో బ్రాండ్స్ హాచ్ దారిపై నరైన్ రెండు విజయములు సాధించెను.

2001 జూన్‌లో సిల్వర్‌స్టోనునందు జాగ్వార్ కారును నడిపి, ఫార్ములా వన్ కారు నడిపిన ప్రథమ భారతీయు డయ్యెను. బ్రేకుపై నూరు కిలోలకు పైబడిన బలముతో కాలు మోపవలసిన కార్లవి. అయినను పందెమున నిలుచుటకు మరి నాలుగేండ్లు పట్టెను. 2005 మార్చిలో జోర్డాన్ జట్టు పక్షమున మెల్బోర్నులో దిగి, జూన్‌లో ఇండియానాపొలిసున నాలుగవ స్థానము, ఐదు పాయింట్లు గడించెను. టైర్ల భద్రతపై శంకచే మిషెలిన్ టైర్ల జట్లన్నియు తప్పుకొనగా, ఆ నాడు ఆరు కార్లే పరుగెత్తిన మాట నిజము. అంతమాత్రముచేత ఆ పాయింట్లను చులకన చేయుట నాకు సమ్మతము కాదు. అచ్చట నిలుచుటకే పదమూడేండ్ల అభ్యాసము కావలసివచ్చెను.

ఈ మార్గమున ప్రతి మెట్టునకును ధనము కావలెను. ప్రతిభ యుండియు పోషకులు లేక నడుమ నిలిచిపోయినవా రనేకులు. 2010లో చెన్నపట్టణపు కరుణ్ చంధోక్ ఆ గుమ్మమును దాటిన రెండవ భారతీయు డయ్యెను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల ఫార్ములా ఇ పందెము జరిగినప్పుడు, పోటీపడిన సారథులలో భారతీయు డొక్కడును లేడు. హైదరాబాదున గాని, విశాఖ, విజయవాడలందు గాని, పెద్ద పందెమును రప్పించుటకు వెచ్చించు సొమ్ములో కొంత భాగము ఎనిమిదేండ్ల పిల్లలు వారమువారము అభ్యసించు కార్టు దారులకును, చెంత నిలిచి బ్రేకు పట్టుట నేర్పు గురువులకును వినియోగింపవలెనని కోరుచున్నాను.